నాలుగు గళ్ళలో ఇమడని మనిషి

వంశపారంపర్య రక్తవ్యాధుల బోధన, ప్రచారములపై ఒక విమర్శ

ఉన్నత పాఠశాలలో వంశపారంపర్యమును గూర్చి బోధించు నాడు నల్లబల్లపై నాలుగు గళ్ళ పటము తప్పక కనిపించును. తండ్రి నుండి రాదగిన రెండు జన్యువులను పైభాగమున, తల్లి నుండి రాదగిన రెండింటిని ప్రక్కను వ్రాసి గళ్ళు నింపినచో ఫలితము తేలిపోవును. మెండెల్ బఠానీ మొక్కలతో మొదలైన ఈ లెక్క పాఠము చివరకు మనుష్యుల మీదికి వచ్చును. తల్లిదండ్రులు ఇరువురును కొడవలి కణ జన్యువునకు వాహకులైనచో, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక వంతు, కేవలము వాహకత్వము వచ్చుటకు నాలుగింట రెండు వంతులు, రెండును లేకుండుటకు నాలుగింట ఒక వంతు అవకాశము కలదు. ఇంతవరకు చెప్పి ఉపాధ్యాయుడు సుద్దముక్క క్రింద పెట్టును, గంట మ్రోగును.

ఈ లెక్కలో దోషము లేదు. దోషము అది ఆగిన చోట ఉన్నది. వ్యాధి అని వ్రాసిన గడిలోని బిడ్డ పెరుగును, బడికి పోవును, ఇరువది యేండ్లవాడగును, ఉద్యోగము వెదకును, పెండ్లి సంబంధము వచ్చును, లేక వచ్చి తిరిగిపోవును, నడిరాత్రి నొప్పితో మేల్కొని, ఇంటివారిని లేపుటకు మొగమాటపడి తెల్లవారువరకు పడియుండును. ఈ జీవితమును గూర్చి పటము చెప్పదు. అది లెక్క మాత్రమే గనుక చెప్పనక్కరలేదు. కాని ఆ పటము చుట్టును అల్లుకొన్న పాఠములు, గోడపత్రికలు, ఆరోగ్య ప్రసంగములు కూడ సాధారణముగా అక్కడనే ఆగుచున్నవి. పుట్టబోవు బిడ్డను గూర్చి అవి ఎంతయో చెప్పును. పుట్టి, పెరిగి, ఎదుట నిలిచిన పెద్దవానిని గూర్చి చెప్పునది స్వల్పము. అతని మనస్సును గూర్చి చెప్పునది దాదాపు శూన్యము. గోదావరి తీరమున ఈ లోపము దూరపు సంగతి కాదు. ఎగువ కొండలలో కొడవలి కణ వ్యాధి, దిగువ డెల్టాలో థలసీమియా, హీమోఫీలియా కలవారు ఉన్నారు. వారిలో కొందరు ఆ తరగతి గదిలోనే కూర్చుండి ఆ పాఠము వినుచుందురు.

పేరు లేని మొదటి రోగి

ఈ లోపము నిన్నటిది కాదు. కొడవలి కణముల మొదటి వర్ణన 1910లో వెలువడెను. చికాగో నగర వైద్యుడు జేమ్స్ హెర్రిక్ చికిత్సలో ఉన్న, తీవ్రమైన రక్తహీనత గల ఒక యువకుని రక్తమును సూక్ష్మదర్శినిలో చూడగా, గుండ్రముగా ఉండవలసిన ఎఱ్ఱ కణములలో కొన్ని కొడవలి వలె వంగి కనిపించెను. ఆ వ్యాసము వైద్యచరిత్రలో సుప్రసిద్ధము. రోగి పేరు అందులో లేదు. రోగి గోప్యమును కాపాడుట వైద్యధర్మము గనుక అది తప్పు కాదు. చాల కాలమునకు పిమ్మట చరిత్రకారులు వెదకి తెలిసికొన్నదేమనగా, ఆయన వాల్టర్ క్లెమెంట్ నోయెల్. కరిబియన్ సముద్రములోని గ్రెనడా దీవివాడు. దంతవైద్యము నభ్యసించుటకు చికాగో వచ్చిన విద్యార్థి. చదువుచున్న కాలమున పలుమారులు జబ్బుపడియు పట్టము పొంది, స్వదేశమునకు మరలి, దంతవైద్యుడుగా జీవించి, 1916లో న్యుమోనియాతో మరణించెను.

అనగా ఈ వ్యాధి చరిత్రలో వర్ణింపబడిన మొదటి రోగియే ఒక వయోజనుడు, పరీక్షలలో నెగ్గినవాడు, వృత్తి నడపినవాడు. అయినను వంద సంవత్సరములుగా పుస్తకములలో నిలిచినది ఆ కణముల ఆకారము మాత్రమే. పరదేశములో జ్వరము, దగ్గు, నొప్పులతో పడుచు లేచుచు పరీక్షలకు చదివిన ఆ విద్యార్థికి ఆ బొమ్మ ప్రక్కన చోటు దొరకలేదు.

పిమ్మట విజ్ఞానము మరింత లోతునకు పోయెను. 1949లో లైనస్ పాలింగ్, ఆయన సహచరులు కలసి, ఈ రోగుల హీమోగ్లోబిన్ అణువే వేరు విధముగా నున్నదని నిరూపించి దీనిని అణువునకు సంబంధించిన వ్యాధి అనిరి. 1956లో వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ భేదము ఒక్క అమైనో ఆమ్లములో ఉన్నదని కనుగొనెను: గ్లుటామిక్ ఆమ్లము ఉండవలసిన చోట వేలిన్ ఉన్నది. మనిషి నుండి కణమునకు, కణము నుండి అణువునకు, అణువు నుండి అందలి ఒక చిన్న భాగమునకు సాగిన ఈ ప్రయాణము విజ్ఞానశాస్త్ర విజయములలో ఒకటి. కాని ఆ చిన్న భాగము నుండి మరల మనిషి వద్దకు వచ్చు ప్రయాణమును ప్రచార రచన చేయలేదు. విమర్శింపవలసినది దీనినే.

జన్యువు, నింద

భారతదేశములో కొడవలి కణములను 1952లో నీలగిరి కొండజాతులలో లేమన్, కట్‌బుష్ అనువారు గుర్తించిరి. తరువాత మధ్య భారతము నుండి గోదావరి ఏజెన్సీ వరకు అనేక గిరిజన జాతులలో ఈ జన్యువు కనిపించెను. దీనికి కారణము మలేరియా. ఎఱ్ఱకణముల వ్యాధులకును మలేరియాకును సంబంధము ఉండవచ్చునని జె. బి. ఎస్. హాల్డేన్ 1949లో థలసీమియా విషయమున సూచించెను. కొడవలి కణ వాహకులకు ప్రమాదకరమైన మలేరియా నుండి కొంత రక్షణ కలదని ఆంథొనీ అలిసన్ 1954లో చూపెను. 2022 వరకు తూర్పు గోదావరి జిల్లాలో భాగమై యున్న రంపచోడవరము, మారేడుమిల్లి ప్రాంతములు మలేరియాకు పేరుపడినవి. అక్కడి కొండరెడ్లు, కోయల పూర్వులను ఆ జ్వరము నుండి కాపాడిన గుణమే, రెండు వైపులనుండి వచ్చి ఒక బిడ్డలో కలిసినపుడు వ్యాధి యగుచున్నది. ఇది శాపము కాదు, పాపఫలము కాదు. కొందరు బ్రదుకుటకు ప్రకృతి తీసికొన్న మూల్యము.

డెల్టాలో కథ కొంత వేరు. అక్కడ మాట మేనరికము మీదికి పోవును. ఆంధ్రలోని రక్తసంబంధ వివాహములను శాస్త్రీయముగా లెక్కించి చూచినవారిలో ప్రముఖుడు, పిఠాపురమున జన్మించి హాల్డేన్ శిష్యుడైన ద్రోణంరాజు కృష్ణారావు. పి. మీరాఖాన్‌తో కలిసి ఆయన చేసిన పరిశీలన 1963లో ప్రచురింపబడెను. ఈ విషయమున పాఠకులు గ్రహింపవలసిన సూక్ష్మమొకటి కలదు. మేనరికము దోషజన్యువును సృష్టింపదు. కుటుంబములో మరుగున ఉన్నది రెండు వైపులనుండి వచ్చి కలిసికొను అవకాశమును పెంచును. మేనరికము లేని ఇంటను వాహకులు ఇరువురు కలిసినచో వ్యాధి రావచ్చును. మేనరికము ఉన్న ఇండ్లలో అధికభాగము బిడ్డలు ఆరోగ్యముగనే ఉందురు.

ఈ సూక్ష్మమును విడిచి పాఠము చెప్పినచో మిగులునది నింద. కొడవలి కణ వ్యాధిలోను, థలసీమియాలోను తల్లి వంతు ఎంతయో తండ్రి వంతు అంతయే. అయినను లోకము కోడలినే వేలెత్తి చూపును. హీమోఫీలియా జన్యువు తల్లి నుండి కుమారునకు వచ్చునదే గాని, సుమారు మూడింట ఒక వంతు రోగుల వంశములో అంతకు ముందు ఆ వ్యాధి కనబడియుండదు. అది క్రొత్తగా కలిగిన మార్పు. ఈ మాట వినని తల్లి జీవితాంతము తన్ను తాను నిందించుకొనును. తల్లి కన్నీరు చూచి పెరిగిన కుమారుడు తన జన్మమే ఆమెకు శిక్ష యనుకొనును.

అవకాశమును గూర్చిన భ్రాంతి మరియొకటి. నలుగురిలో ఒకరికి అని చెప్పగా, మొదటి బిడ్డకు వచ్చినది గనుక తరువాతి ముగ్గురకు రాదని నమ్మువారు కలరు. నాణెము ఎగురవేసిన ప్రతిమారును బొమ్మ పడు అవకాశము సగమే. వెనుకటి పాటును నాణెము జ్ఞాపకముంచుకొనదు. కాన్పును అట్టిదే. రెండవ బిడ్డకును వ్యాధి వచ్చినపుడు, శాస్త్రము తమ్ము మోసగించినదని ఆ కుటుంబము తలచును. మోసగించినది శాస్త్రము కాదు, సగము చెప్పి ఆపిన బోధన.

‘నిర్మూలన’ అను మాట

2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రధానమంత్రి జాతీయ సికిల్ సెల్ అనీమియా నిర్మూలన కార్యక్రమమును ప్రారంభించిరి. నలువది సంవత్సరముల లోపు వయస్సుగల ఏడు కోట్లమందిని పరీక్షించుట, 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండ చేయుట దీని లక్ష్యములు. 2025 నాటికి ఆరు కోట్లకు మించి పరీక్షలు జరిగినవి. రెండు లక్షలకు పైగా రోగులు, పదహారు లక్షలకు పైగా వాహకులు తేలిరి. దశాబ్దముల తరబడి ఏజెన్సీ గ్రామములలో పేరు తెలియక రక్తము తక్కువ అని, కీళ్ళవాతమని అనుకొన్న బాధకు పేరు తెలిసినది. పేరు తెలిసిన గాని మందు దొరకదు. కావున ఈ ప్రయత్నము ప్రశంసనీయము.

అయినను నిర్మూలన అను మాటను శాస్త్రదృష్టితో పరిశీలింపవలెను. ఈ మాట అంటువ్యాధుల శాస్త్రము నుండి వచ్చినది. మశూచిని నిర్మూలించిరి, సహజముగా సోకిన చివరి రోగి 1977లో సోమాలియాలో కనిపించెను, 1980లో ప్రపంచము దాని నుండి విముక్తమైనదని ప్రకటించిరి. మశూచి క్రిమి మనిషికి వెలుపలి శత్రువు. జన్యువు అట్టిది కాదు. ఒక లెక్క చూడుడు. నూరుమంది గల ఒక తరములో పదిమంది వాహకులు ఉన్నారనుకొందము. ఏ ఇద్దరు వాహకులును పరస్పరము వివాహమాడలేదు. అప్పుడు యాబది జంటలలో పది జంటలందు ఒకరు వాహకులు. జంటకు ఇద్దరు బిడ్డలు చొప్పున ఆ పది జంటలకు ఇరువదిమంది బిడ్డలు; వారిలో సగటున సగము, అనగా పదిమంది వాహకులు. మొత్తము బిడ్డలు నూరుమంది. వ్యాధితో ఒక్కరును పుట్టలేదు. కాని వాహకులు మరల పదిమందియే. జన్యువు తరుగలేదు. అనగా ఈ కార్యక్రమము విజయవంతమైనను జరుగునది కొత్త రోగులు పుట్టకుండుటయే గాని జన్యు నిర్మూలనము కాదు. ఇది ఒక తరముతో ముగియు పని కాదు.

ఈ శాస్త్రభేదము కంటె ముఖ్యమైనది వినువాని మనస్సు. మశూచి నిర్మూలన అన్నపుడు రోగి సంతోషించెను, పోవునది క్రిమి. ఈ వ్యాధి మాత్రము అతని ప్రతి కణములోను వ్రాయబడి ఉన్నది. ముప్పది యేండ్ల వయోజనుడు గోడమీద నిర్మూలన అని చదివినపుడు, పోవలసినది వ్యాధియా, తానా అని అనుమానించినచో ఆ తప్పు అతనిది కాదు. జాతకములకు ముందు రక్తపరీక్ష కార్డులను సరిచూడుడు అను పిలుపును అట్టిదే. ఇరువురు వాహకులకు అది ఉపయోగకరమైన సలహా. కాని ఇదివరకే వ్యాధి యున్నవానికి ఆ వాక్యము నీతో ఎవరును సరిపోరు అని వినిపించును. ఇది శాస్త్రదృష్ట్యా అసత్యము. వ్యాధి యున్నవాడు, ఆ జన్యువు గాని హీమోగ్లోబిన్‌కు సంబంధించిన ఇతర దోషజన్యువు గాని లేని వ్యక్తిని వివాహమాడినచో బిడ్డలందరు వాహకులగుదురు గాని ఎవరికిని వ్యాధి రాదు. అదే నాలుగు గళ్ళ పటముతో దీనిని ఒక నిమిషములో చూపవచ్చును. అయినను ఈ పటమును నల్లబల్లపై వేయుట అరుదు.

ఒక గ్రీకు పల్లె నేర్పిన పాఠము

పరీక్ష జరిపి కార్డు ఇచ్చినంత మాత్రమున మనుష్యులు లెక్క ప్రకారము నడచుకొందురా? ఈ ప్రశ్నకు గ్రీసు దేశములోని ఆర్కొమినాస్ అను చోట సమాధానము దొరికినది. అక్కడ కొడవలి కణ వాహకులు అధికము. వైద్యులు ప్రజలను పరీక్షించి ఎవరు వాహకులో చెప్పి సలహా లిచ్చిరి. కొన్ని సంవత్సరములకు మరల పోయి చూడగా, వాహకుల నడుమ వివాహములు తగ్గలేదు. వాహకులమని తెలిసినవారికి మచ్చ ఏర్పడెను. సంబంధములు చెడునను భయముతో కొన్ని కుటుంబములు ఆ సంగతినే దాచెను. జార్జి స్టమటయనోపులస్ 1974లో ప్రకటించిన ఈ అనుభవమును జన్యుసలహా శాస్త్రములో నేటికిని ఉదాహరింతురు.

అమెరికాలోను ఇట్లే జరిగెను. 1972లో అక్కడ కొడవలి కణ వ్యాధి నియంత్రణ చట్టము వచ్చెను. ఆ రోజులలో కొన్ని రాష్ట్రములు పరీక్షను నిర్బంధము చేసెను. వాహకునకును రోగికిని భేదము తెలియని యజమానులు, బీమా సంస్థలు ఆరోగ్యవంతులైన వాహకులను దూరముంచిరి. అమెరికా వాయుసేన అకాడమీ 1981 వరకు వాహకులను చేర్చుకొనలేదు. పరీక్ష తప్పు కాదు. వివరణ లేని పరీక్ష గాయము చేయును.

డెల్టా ఊళ్ళలో పెండ్లి సంబంధము కుదురు తీరు ఎరిగినవారికి ఈ గ్రీకు కథ పరాయిది కాదు. పిల్ల వాహకురాలు అన్న మాట ఒక చెవి నుండి మరియొక చెవికి పోవుసరికి పిల్లకు రక్తపుజబ్బు అగును. కావున కార్డును పదిమంది ఎదుట పేరు పిలిచి ఇచ్చుట వేరు. గదిలో కూర్చుండబెట్టి అర్థము చెప్పి చేతికిచ్చుట వేరు. ఈ రెండవ పద్ధతి ఈ దేశమునకు క్రొత్త కాదు. ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమములో పరీక్షకు ముందు ఒకమారు, ఫలితము వచ్చిన పిమ్మట మరియొకమారు సలహాదారు రోగితో ఏకాంతమున మాట్లాడు ఏర్పాటు చాల కాలముగా ఉన్నది. 2017 నాటి చట్టము ఆ గోప్యతకు రక్షణ కూడ కల్పించినది. అంటువ్యాధికి నేర్చుకొన్న ఈ మర్యాదను వంశపారంపర్య వ్యాధికి కూడ వర్తింపజేయవలెను. ప్రకటనలలో ప్రముఖముగా కనిపించునవి పరీక్షల సంఖ్యలు, కార్డుల సంఖ్యలు. ఫలితము విన్నవారితో ఎందరితో మరల కూర్చుండి మాట్లాడిరి అను సంఖ్యయు వాటి ప్రక్కన ఉండవలసినదే.

డైరీలు చెప్పిన సత్యము

మనస్సునకు సహాయము అనగా ధైర్యము చెప్పుట అని, ధైర్యము లేనివారికే అది అవసరమని సామాన్యాభిప్రాయము. ఈ అభిప్రాయమును ఖండించిన పరిశీలన ఒకటి 2008లో ప్రకటితమైనది. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున 232 మంది వయోజన రోగులు ఆరు నెలల వరకు దినదినము తమ నొప్పిని డైరీలో వ్రాసిరి. మొత్తము 31,017 దినములు. అందులో 54.5 శాతము దినములలో వారికి నొప్పి ఉండెను. కాని ఆసుపత్రికో వైద్యునికడకో పోయినది 3.5 శాతము దినములలో మాత్రమే. వైద్యులు ఆసుపత్రిలో చూచినది సముద్రములో పై అల మాత్రమే. తక్కిన బాధ ఇండ్లలో, పనిచోట్ల, పడకలలో ఎవరికిని తెలియక జరిగిపోయెను.

అదే పరిశోధక బృందము ఆ 232 మందిని పరిశీలింపగా 27.6 శాతము మందిలో మానసిక కుంగుబాటు లక్షణములు కనిపించెను. కుంగినవారికి నొప్పి ఉన్న దినములు మరింత ఎక్కువ. ఈ అంకెలను ఉన్నవి ఉన్నట్లు గోదావరి ఏజెన్సీకి వర్తింపజేయరాదు. భారత గిరిజనులలోని రోగులకు శిశుదశ నాటి హీమోగ్లోబిన్ కొంత అధికముగా నిలిచియుండుటచే వ్యాధి తరచు, అన్నివేళల కాకపోయినను, కొంత మృదువుగా ఉండును. కాని కనబడని నొప్పి అను సత్యము రెండు చోట్లను ఒకటే.

కనబడని నొప్పికి సాక్ష్యము లేదు. కాలు విరిగినచో కట్టు కనిపించును. జ్వరము వచ్చినచో ఒళ్ళు కాలును. కొడవలి కణములు సన్నని రక్తనాళములలో అడ్డుపడి ఎముకలలో పుట్టించు నొప్పికి పైకి గుర్తు లేదు. కావున పనిలోనివారు సాకు అందురు. బడిలో ఎగవేత అందురు. ఆసుపత్రిలో మత్తుమందునకు అలవాటుపడినాడని శంకింతురు. నొప్పి కంటె ఈ అపనమ్మకము ఎక్కువగా కృంగదీయును. నమ్మరని తెలిసినవాడు చెప్పుటయే మానును. చెప్పనివానికి చికిత్స ఆలస్యమగును. అనగా ఇక్కడ మనస్సు వేరు, శరీరము వేరు కాదు. ఒకదాని తలుపు మూసినచో రెండవదానికి గాలి ఆడదు.

థలసీమియా రోగి బాధ మరియొక తీరు. రెండు నుండి నాలుగు వారముల కొకసారి రక్తము ఎక్కించుకొనవలెను. ఎక్కించిన ప్రతి సంచితో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము శరీరములో చేరును. అది గుండె, కాలేయము, గ్రంథులలో పేరుకొనును. దానిని తొలగించు మందు దినదినము వాడవలెను. గ్రంథులు దెబ్బతినినచో ఎదుగుదల ఆగి, ఇరువది యేండ్లవాడు పండ్రెండేండ్ల బాలుని వలె కనిపించును. బస్సులో కండక్టరు అరటిక్కెట్టు ఇయ్యబోవును. ఆసుపత్రిలో పిల్లల విభాగమువారు నీవు పెద్దవాడవైతివి అందురు. పెద్దల విభాగమువారికి ఆ వ్యాధి క్రొత్త. చిన్ననాటి నుండి ఎరిగిన నర్సును, ప్రక్క పడక స్నేహితులను విడిచి అతడు ఆ రెండింటి నడుమ నిలిచిపోవును. సహాయము మిక్కిలి అవసరమైన వయస్సు ఇదియే.

పాఠ్యగ్రంథములలోని మరియొక వాక్యము ఇచ్చట విమర్శనీయము: ఇట్టివారు చిన్నవయస్సులోనే మరణింతురు అనునది. ఒకనాడు అది నిజము. కాని 1994లోనే అమెరికా లెక్కల ప్రకారము కొడవలి కణ రోగులలో పురుషుల మధ్యస్థ ఆయుర్దాయము 42, స్త్రీలది 48 సంవత్సరములు. 1995లో హైడ్రాక్సీయూరియా అను మందు బాధాసంకటములను దాదాపు సగమునకు తగ్గించునని తేలెను. పాతబడిన వాక్యమును తరగతిలో వినిన విద్యార్థి, తనకు భవిష్యత్తు లేదని లెక్కగట్టి చదువు మానినచో ఆ నష్టమునకు జన్యువు బాధ్యురాలు కాదు.

చేతికందు సహాయము

మానసిక సహాయమనగా ఏమి? మొదటిది, రోగి చెప్పునది నమ్మి వినుట, వ్యాధిని సత్యముగా వివరించుట. రెండవది, నొప్పితో జీవించు ఉపాయములను నేర్పుట: శ్వాసను నెమ్మది చేయుట, పనిని విరామములతో పంచుకొనుట, నొప్పి రాగానే అంతయు అయిపోయినదను తలపును పరీక్షించి సరిదిద్దుకొనుట. మూడవది, కుంగుబాటును గుర్తించి, అవసరమైనచో మందుతో చికిత్స చేయుట. నాలుగవది, అదే వ్యాధిగల ఇతరులతో స్నేహము. ఇవి నొప్పిని మాయము చేయవు. హైడ్రాక్సీయూరియాకు బదులు కావు. కాని మందును క్రమముగా వాడు మనస్సును నిలబెట్టునవి ఇవియే.

నాలుగవదానికి ఈ దేశములో మంచి ఉదాహరణములు కలవు. హీమోఫీలియా రోగియైన అశోక్ వర్మ 1983లో స్థాపించిన హీమోఫీలియా సమాఖ్య, 1998లో హైదరాబాదులో ఏర్పడిన థలసీమియా, సికిల్ సెల్ సంఘము అట్టివి. అన్ని ఊళ్ళకు అట్టి సంఘములు రాలేదు. అయినను 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 అంకెపై ఫోను చేసి, ఏ వేళనైనను తెలుగులో మాట్లాడవచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము హీమోఫీలియా, థలసీమియా, కొడవలి కణ వ్యాధులను వైకల్యములుగా గుర్తించినది. నలువది శాతము వైకల్యమున్నట్లు ధ్రువపత్రమున్నచో ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలోని ఐదు శాతము ప్రత్యేక స్థానములకు వీరు అర్హులు. అదే చట్టము ఉద్యోగములలో చూపిన నాలుగు శాతములో మాత్రము రక్తవ్యాధులను చేర్చలేదు. చదువు వరకు చేయిపట్టి నడిపించి, ఉద్యోగద్వారమున చేయి విడుచుట వంటిది ఇది. వయోజనుని ఆందోళనకు సగము కారణము ఈ ద్వారమే.

కాకినాడలో 1958 నుండి రంగరాయ వైద్యకళాశాల ఉన్నది. 2023లో రాజమహేంద్రవరము, ఏలూరులలోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చెను. ఏజెన్సీ రోగి కొండ దిగి పెద్దాసుపత్రికి వచ్చుటకు ఒక దినము, మరలుటకు ఒక దినము. నడుమ పోయిన కూలి వేరు. రక్తము ఎక్కించుకొనుటకో మందు తీసికొనుటకో వచ్చిన ఆ దినముననే, అదే వరండాలో, అతని మాట తెలిసిన సలహాదారు అరగంట కూర్చున్నచో మరియొక ప్రయాణము తప్పును. దీనికి క్రొత్త భవనము అక్కరలేదు. మనస్సును చికిత్సలో ఒక భాగముగా లెక్కించు దృష్టి చాలును.

ఈ గడ్డకు ఆ దృష్టి క్రొత్త కాదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరుడు స్ప్రూ అను వ్యాధితో మరణించెను. ఆ దుఃఖము ఆయన పరిశోధనకు ప్రేరణలలో ఒకటి. ఆయన నాయకత్వమున 1945 ప్రాంతమున కృత్రిమముగా తయారైన ఫోలిక్ ఆమ్లమును నేడు కొడవలి కణ రోగులకు సాధారణముగా దినదినము ఇత్తురు. ఆరోగ్యవంతుని ఎఱ్ఱకణము 120 దినములు బ్రదుకగా వీరి కణము పది, ఇరువది దినములే బ్రదుకును గనుక, క్రొత్త కణముల నిర్మాణమునకు అది అవసరము. ఆ మాత్ర ఒక సోదరుని జ్ఞాపకము నుండి పుట్టినది. విజ్ఞానము అణువు నుండి మనిషి వద్దకు మరలి వచ్చిన దారి అది.

తరగతి గదిలో

ఉపాధ్యాయులు చేయదగిన పనులు పెద్దవి కావు. నాలుగు గళ్ళ పటమును వేయుడు. దాని ప్రక్కన రోగి, ఆ జన్యువు లేని వ్యక్తి అను రెండవ పటమును కూడ వేయుడు. రక్తదోషము అను మాటను విడిచి వ్యాధి అనుడు. వాహకుడు రోగి కాడని రెండు మారులు చెప్పుడు. మీలో ఎవరికి ఉన్నది అని తరగతిలో అడుగకుడు. కార్డులు తెచ్చి చూపుమని అసలే అడుగకుడు. వ్యాధి ఉన్నదని తెలిసిన విద్యార్థికి నీరు త్రాగుటకు, మూత్రవిసర్జనకు పోవుటకు అడ్డుచెప్పకుడు. ఒంట్లో నీరు తగ్గినచో కణములు వంగును. ఎండలో నిలబెట్టుట, పరుగెత్తించుట వంటి శిక్షలు ఏ బాలునకును తగవు, ఇతనికి ప్రమాదము. చదువులో హఠాత్తుగా వెనుకబడినచో బద్ధకమని తీర్పు చెప్పకుడు. ఈ వ్యాధిలో మెదడులో పైకి తెలియని చిన్న దెబ్బలు తగులుట కలదు, వైద్యునకు చూపింపవలెను. నొప్పి అన్నపుడు నమ్ముడు. నమ్మి మోసపోయినచో పోవునది ఒక గంట పాఠము. నమ్మక పొరపడినచో ఆ విద్యార్థి మరియొక మారు చెప్పడు.

గంట మ్రోగువేళకు నల్లబల్ల తుడిచివేయబడును. వెనుక వరుసలో ఎవరో ఒకరు, ఎవరును చూడకుండ, ఆ పటమును తన పుస్తకములోనికి ఎక్కించుకొని అందులో తన గడి ఏదో వెదకికొనుచుండవచ్చును. ఆ గడి తరువాత జీవితము ఉన్నదని, ఆ జీవితమునకు తోడు దొరకునని ఆనాటి పాఠములోనే చెప్పవలెను.